థింక్‌ప్యాడ్ టీ430లో ఐ5 తీసి నాలుగు కోర్ల ఐ7 వేయించాలనుంది, విశాఖలో ఎవరైనా చేశారా?

మధురవాడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న లెనోవో థింక్‌ప్యాడ్ టీ430 ఉంది. ప్రాసెసర్ ఐ5-3320ఎం, ర్యామ్ 8 జీబీ. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ వేయించాను. బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రాజెక్ట్ బిల్డ్ (రాసిన కోడ్‌ని యాప్‌గా మార్చే పని) కొడితే ఫ్యాన్ హోరెత్తిపోతుంది, మౌస్ కూడా సరిగ్గా కదలదు. ఇంట్లో ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్ అడిగే పరిస్థితి లేదు.

ఈ మోడల్లో ప్రాసెసర్ ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చని మా సీనియర్ చెప్పాడు. ద్వారకానగర్‌లో ఒక షాపులో అడిగితే "ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మారదు, మార్చాలంటే బోర్డే మార్చాలి" అన్నారు. డాబాగార్డెన్స్‌లో ఇంకోచోట "ఐ7 వేసేస్తాం, వదిలేసి వెళ్లు" అన్నారు. ఏ ఐ7 అంటే మాత్రం చెప్పలేదు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఉక్కునగరం:
బాబూ, ఈరోజు షాపుకి వచ్చే ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నిటికీ మొదటి షాపాయన చెప్పిందే నిజం. నీ టీ430కి మాత్రం కాదు.

2013, 2014 వరకు ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు రెండు రకాలుగా వచ్చేవి. ఒక రకానికి కింద పిన్నులుంటాయి, సాకెట్‌లో కూర్చుంటుంది, స్క్రూ తిప్పితే చేతికొచ్చేస్తుంది. రెండో రకానికి పిన్నులుండవు, చిన్న చిన్న టంకపు గుండ్లతో నేరుగా బోర్డుకే అతికించేస్తారు. అది ఇంట్లో మార్చే వ్యవహారం కాదు. ఐదో తరం, అంటే 2015 మోడళ్ల దగ్గర్నుంచి ఇంటెల్ మామూలు ల్యాప్‌టాప్‌లకు సాకెట్ రకం ఇవ్వడం మానేసింది. పేరు చివర 'యూ' అక్షరం ఉన్నవి ఏ తరంలోవైనా అతికించినవే.

నీది 2012 నాటి మూడో తరం, క్యూఎం77 చిప్‌సెట్, జీ2 సాకెట్. ఒకసారి ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం వేసి ప్యాకేజ్ అనే గడి చూడు. 988బీ ఆర్‌పీజీఏ అని ఉంటే సాకెట్. ఎఫ్‌సీబీజీఏ అని ఉంటే అతికించింది. ఐ5-3210ఎం లాంటి కొన్ని ప్రాసెసర్లు ఒకే పేరుతో రెండు రకాల్లోనూ వచ్చాయి కాబట్టి పేరు చూసి నిర్ణయించకూడదు.

ఇంకొక మాట. సాకెట్ కలిసినంత మాత్రాన పని చేస్తుందని కాదు. టీ420కి కూడా ఇదే సాకెట్, కానీ దాని సొంత బయాస్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాం) మూడో తరం చిప్‌ని గుర్తించదు. ఆ వరుసలో 2011 బోర్డులు చాలావాటిది ఇదే తీరు. నీది మూడో తరం బోర్డు, వేసేదీ మూడో తరమే కాబట్టి ఆ చిక్కు లేదు.

గాజువాక_గేమర్:
నాది ఐ3-5005యూ. ఉక్కునగరం గారు చెప్పినదాన్నిబట్టి ఇక ఆశ లేనట్టేనా?

ఉక్కునగరం:
ప్రాసెసర్ మార్పుకి లేదు. ఎస్ఎస్‌డీ, ర్యామ్ చూసుకోండి. హార్డ్ డిస్క్‌తోనే నడుపుతూ ఉంటే ఎస్ఎస్‌డీ ఒక్కటే పెద్ద మార్పు తెస్తుంది.

లక్ష్మి_ఎంవీపీ:
బాబూ, కొనే ముందు ఒక పని చెయ్. బిల్డ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి మూడు అంకెలు చూడు: సీపీయూ ఎంత, మెమరీ ఎంత, డిస్క్ ఎంత. నేను కాలేజీలో ల్యాబ్ చూస్తాను. "ప్రాసెసర్ స్లో" అని పిల్లలు తెచ్చే మెషీన్లలో ఎక్కువ వాటికి అసలు జబ్బు మెమరీ చాలకపోవడమో, పాత హార్డ్ డిస్కో అయి ఉంటుంది. ర్యామ్ నిండిపోతే విండోస్ డిస్క్ మీద పడి అక్కడ్నుంచి పని లాగుతుంది. అప్పుడు ఎంత పెద్ద ప్రాసెసర్ వేసినా ఖాళీగా కూర్చుని చూస్తూ ఉంటుంది.

మధురవాడ_కుర్రాడు:
చూశాను మేడం. సీపీయూ 100 శాతం, నాలుగు గ్రాఫ్‌లూ పైకే ఉన్నాయి. మెమరీ 8 జీబీలో 7.5 దాటింది, ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రాం) తెరిచి ఉంది. డిస్క్ మధ్యమధ్యలో ఎగురుతోంది గానీ పూర్తిగా నిండట్లేదు. ప్యాకేజ్ దగ్గర 988బీ ఆర్‌పీజీఏ అనే ఉంది.

లక్ష్మి_ఎంవీపీ:
అయితే నీకు రెండూ తక్కువే. ముందు మెమరీ. టీ430లో రెండు స్లాట్లు, ఒక్కోదాంట్లో 8 జీబీ చొప్పున 16 వరకు పడుతుంది. డీడీఆర్3 1600 అడుగు. తక్కువ వోల్టేజ్ రకం డీడీఆర్3ఎల్ కూడా ఇందులో నడుస్తుంది. డీడీఆర్4 అసలు గాడిలోకే దిగదు, షాపాయన ఏం చెప్పినా తీసుకోకు.

ఈలోపు పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఎమ్యులేటర్ మూసేసి, నీ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ పెట్టి, యాప్‌ని నేరుగా ఫోన్‌లోనే నడిపించు. ఎమ్యులేటర్ తినే మెమరీ, ప్రాసెసర్ సమయం రెండూ నీకు మిగులుతాయి. ఆండ్రాయిడ్ నేర్చుకునే పిల్లలందరికీ మొదటిరోజే చెప్పాల్సిన విషయం ఇది.

టంకం:
తమ్ముడూ, నేను రిపేర్ పనిలోనే ఉన్నాను. "ఐ7 వేస్తాం" అని ఊరుకున్న షాపు దగ్గర జాగర్త. మరేటంటే, ఈ తరంలో ఐ7 అని పేరున్నవన్నీ నాలుగు కోర్లవి కావు. కోర్ అంటే ప్రాసెసర్ లోపల విడిగా పని చేసే భాగం. ఐ7-3520ఎం, ఐ7-3540ఎం రెండూ రెండేసి కోర్లవే. నీ ఐ5కి కూడా రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి కదా. అంటే డబ్బులు పోసి తెచ్చుకున్నది కొంచెం ఎక్కువ వేగం, కొంచెం ఎక్కువ కాష్ (చిప్ లోపలి చిన్న మెమరీ), అంతే. బిల్డ్ సమయంలో పెద్ద తేడా తెలియదు. నీకు కావాల్సింది పేరు చివర 'క్యూఎం' ఉన్నది.

ఆ క్యూఎంలలో మళ్లీ రెండు జాతులు. వాట్లు ఎక్కువైతే వేడీ ఎక్కువే. 3610క్యూఎం, 3720క్యూఎం, 3740క్యూఎం లాంటివి 45 వాట్లవి. 3612క్యూఎం, 3632క్యూఎం 35 వాట్లవి. నీ ఐ5-3320ఎం కూడా 35 వాట్లదే. నీ బోర్డు, ఫ్యాన్, హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే రాగి గొట్టం, రేకులు) ఆ లెక్కకి అలవాటు పడి ఉన్నాయి. నన్నడిగితే 3632క్యూఎం. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 6 ఎంబీ కాష్, మామూలు వేగం 2.2, గరిష్ఠంగా 3.2 గిగాహెర్ట్జ్.

ఇక్కడ ఒకటి నిజం చెప్పాలి. నీ ఐ5 గరిష్ఠ వేగం 3.3. అంటే ఒక్క కోర్ మీదే నడిచే పనిలో కొత్తది పిసరంత వెనకే ఉంటుంది. బ్రౌజర్ తెరుచుకోవడం, వర్డ్ ఫైలు తెరుచుకోవడం, అలాంటివాటిలో ఏ మార్పూ కనపడదు. బిల్డ్, వీడియో కన్వర్షన్, వర్చువల్ మెషీన్, ఒకేసారి చాలా థ్రెడ్లు వాడుకునే పనులకే దీని ఉపయోగం. నీ పని అదే కాబట్టి వెయ్ అంటున్నాను. ఇంట్లో సినిమాలు చూసుకునేవాళ్లకి మాత్రం నేను వద్దనే చెప్తాను.

పెందుర్తి_నుంచి:
టంకం అన్న మాటకి నా అనుభవం కలుపుతాను. నాది డెల్ లాటిట్యూడ్ ఈ6430, అదే తరం, అదే సాకెట్. నేను 45 వాట్ల 3740క్యూఎం వేశాను. చలికాలంలో బాగానే నడిచింది. మే నెలలో, ఏసీ లేని గదిలో, పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే కాసేపటికే వేడెక్కి వేగం తనంతట తానే తగ్గించేసుకుంటోంది. మొదటి నిమిషం 3.5 దగ్గర ఉంటుంది, తర్వాత కిందకి జారిపోతుంది. చల్లగా ఉండగలిగిన 35 వాట్ల చిప్, వేడికి తట్టుకోలేని 45 వాట్ల చిప్, రెండూ పది నిమిషాల పని తర్వాత చూస్తే పెద్దగా తేడా ఉండవు. ఛార్జర్ కూడా 65 వాట్లది ఉంటే 90కి మార్చుకోవాల్సి వచ్చింది, లేకపోతే పని చేస్తున్నంతసేపూ బ్యాటరీ ఎక్కట్లేదు.

టంకం:
అదే చెప్పబోతున్నా. మన ఊళ్లో వేడి కంటే పెద్ద శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు, ఎంవీపీ, పెదజాలారిపేట వైపు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్ విప్పితే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము, తేమ, ఉప్పు కలిసి చాపలా పేరుకుపోయి ఉంటుంది. గాలి దూరదు. రాగి గొట్టం మీద పచ్చ మరకలు, స్క్రూలకి తుప్పు. బయట నుంచి బ్లోయర్ కొడితే ఆ పొర కదలదు. ఫ్యాన్ విప్పి, రేకులకీ ఫ్యాన్‌కీ మధ్యలో ఉన్న ఆ పొరని చేత్తో తియ్యాలి.

పన్నెండు పదమూడేళ్ల మెషీన్‌లో చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పాత థర్మల్ పేస్ట్ ఎండి సుద్దలా అయిపోయి ఉంటుంది. ఆ రెండూ సరిచేస్తే ఉన్న ఐ5యే చాలామందికి కొత్తగా అనిపిస్తుంది. ఎందుకంటే అప్పటిదాకా వేడికి భయపడి సగం వేగంతో నడుస్తూ ఉంటుంది. కుర్రాడూ, నువ్వు చిప్ కొనకముందే ఇది చేయించు.

టీ430కి హీట్‌సింక్ రెండు రకాలు వచ్చాయి. వేరే గ్రాఫిక్స్ చిప్ ఉన్న బోర్డు కోసం చేసిన దానికి రాగి గొట్టాలు ఎక్కువ. పాత సామాన్లలో అది దొరికితే తెచ్చుకో, కోర్లు పెరిగినప్పుడు ఆసరా అవుతుంది.

లక్ష్మి_ఎంవీపీ:
నేను ఒక అడుగు వెనక్కి వేసి అడుగుతాను. ఈ ఖర్చు ఎంతవరకు సబబు? ఏ మూడో తరం చిప్ వేసినా మైక్రోసాఫ్ట్ లెక్కలో విండోస్ 11కి పనికిరాదు. ఏవో కొన్ని తప్పిస్తే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే వాళ్ల జాబితాలో ఉన్నాయి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. పైగా ఈ తరంలో ఒకేసారి చాలా లెక్కలు చేసే ఏవీఎక్స్2 ఆదేశాలు లేవు, అవి 2013లో నాలుగో తరంతో వచ్చాయి. కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్లు అవి లేకపోతే తెరుచుకోవు కూడా.

ఇంకో పక్క టీ480 లాంటి ఎనిమిదో తరం మెషీన్లు ఆఫీసుల నుంచి బయటికి వస్తున్నాయి. దాంట్లోని ఐ5-8250యూకి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, అదీ 15 వాట్లలోనే. ర్యామ్, చిప్, హీట్‌సింక్, ఛార్జర్ అన్నీ కలిపి పెట్టే డబ్బు దాని ధరలో సగం దాటితే నేనైతే ఆ డబ్బు దాచుకోమంటాను.

ఉక్కునగరం:
లక్ష్మి గారి మాట కాదనలేం. కానీ ఆ మిగతా సగం ఆ అబ్బాయి దగ్గర ఉందా అన్నది కూడా చూడాలమ్మా. పరీక్షలు, ప్రాజెక్టు ఈ ఏడాదే. ర్యామ్, పేస్ట్ ఎలాగూ అవసరం. చిప్ ఒక్కటే అదనం. అది కూడా చవకగా దొరికితేనే వెయ్యమని, లేకపోతే ఆగిపొమ్మని నా సలహా. విండోస్ సంగతికి వస్తే, లినక్స్ మింట్ ఈ మెషీన్ మీద హాయిగా నడుస్తుంది, ఆండ్రాయిడ్ స్టూడియో లినక్స్‌లోనూ ఉంది. మా మనవరాలు టీ430 మీదే మింట్ వాడుతోంది, వైఫై, కీబోర్డు మీటలు అన్నీ మొదటిసారికే పట్టాయి.

పాత మెషీన్‌ని విప్పి, లోపల ఏది ఎక్కడుందో తెలుసుకుని, తన చేత్తో బాగుచేసుకున్న ఇంజనీరింగ్ కుర్రాడికి వచ్చే ధైర్యం వేరు. దానికీ విలువ కట్టాలి.

లక్ష్మి_ఎంవీపీ:
అది ఒప్పుకుంటాను. నా హద్దు ఒకటే, చిప్ ధర ఎస్ఎస్‌డీ ధర దాటకూడదు.

మధురవాడ_కుర్రాడు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఫోన్‌లో యాప్ నడిపించడం మొదలుపెట్టాను, ఆ ఒక్కదానితోనే మౌస్ ఆగిపోవడం తగ్గింది. ర్యామ్ 16 చేస్తున్నాను. ఫ్యాన్ శుభ్రం చేసి, పేస్ట్ మార్చాక కూడా సీపీయూ 100 దగ్గరే ఉంటే 3632క్యూఎం కొంటాను. టంకం అన్నా, ఆన్‌లైన్‌లో పాత చిప్ కొనేటప్పుడు ఏం చూడాలి? నేనే వేసుకోవాలంటే ఎలా?

టంకం:
కొనేటప్పుడు రెండు వైపులా ఫొటో అడుగు. కింద వైపు పిన్నులు కనపడాలి. పిన్నుల బదులు గుండ్రటి చుక్కలుంటే అది అతికించే రకం, నీకు పనికిరాదు. పిన్నుల వరుసలు ఏటవాలుగా చూస్తే ఒక్కటి కూడా పక్కకి వంగి ఉండకూడదు. పై వైపు నల్లగా మెరిసే సిలికాన్ ముక్క మీదే అక్షరాలుంటాయి. 3632క్యూఎం సాకెట్ రకానికి ఎస్ఆర్0వీ0 అనే కోడ్ ఉండాలి. "కాన్ఫిడెన్షియల్" అని రాసి ఉన్నా, 'క్యూ'తో మొదలయ్యే కోడ్ ఉన్నా అది మార్కెట్‌కి రాకముందు పరీక్షలకి ఇచ్చిన ముక్క. చవకగా ఇస్తారు, కొన్ని బయాస్‌లు వాటిని ఒప్పుకోవు. వద్దు.

చిప్ చేతికి వచ్చాక ముందు పాత ప్రాసెసర్‌తోనే బయాస్ కొత్తదానికి మార్చు. బ్యాటరీ నిండుగా, ఛార్జర్ పెట్టి ఉండాలి. మన దగ్గర కరెంటు పోయే వేళల్లో చెయ్యకు.

లెనోవో వాళ్ల హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో ఏ స్క్రూ ఎక్కడిదో బొమ్మలతో ఉంది. ఛార్జర్, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో, మిగిలిన కరెంటు పోతుంది. కీబోర్డు, దాని చుట్టూ ఉన్న పై ప్లాస్టిక్ తీస్తే ఫ్యాన్, హీట్‌సింక్ కనపడతాయి. బోర్డు మొత్తం బయటికి తియ్యక్కర్లేదు. హీట్‌సింక్ స్క్రూలు ఒక్కొక్కటి పూర్తిగా కాకుండా కొంచెం కొంచెం తిప్పుతూ అన్నీ ఒకేసారి వదులు చెయ్. పేస్ట్ పట్టేసి రాకపోతే లాగొద్దు, అటూ ఇటూ మెల్లగా కదుపు.

సాకెట్ పక్కన ఒక పెద్ద స్క్రూ ఉంటుంది, తాళం బొమ్మలతో. దాన్ని తెరిచిన తాళం వైపు తిప్పితే ప్రాసెసర్ వదులైపోతుంది, నిటారుగా పైకి ఎత్తు. కొత్తదాని మూలనున్న బంగారు త్రికోణం సాకెట్ గుర్తుతో కలవాలి. తనంతట తాను కిందకి దిగిపోవాలి. వేలితో నొక్కాల్సి వస్తోందంటే పిన్ను ఎక్కడో తప్పింది, ఎత్తి మళ్లీ చూడు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో.

పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని గుడ్డతో తుడువు. ఈ చిప్ మీద డెస్క్‌టాప్ వాటిలా లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా హీట్‌సింక్‌కి తగులుతుంది. అందుకే మధ్యలో చుక్క పెట్టి వదిలేయకుండా, ముక్క మొత్తం మీద పలచగా పరిచెయ్. మూలల్లో ఖాళీ ఉంటే అక్కడే కాలుతుంది. ఆర్కిటిక్ ఎంఎక్స్-4 లాంటి కరెంటు పారని పేస్ట్ చాలు. ద్రవలోహం రకం జోలికి పోకు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు వెలిగి ఆరిపోయి మళ్లీ తనే వెలగొచ్చు. కంగారు పడకు.

గాజువాక_గేమర్:
ఇది వేస్తే గేమ్స్ కూడా బాగా నడుస్తాయా?

పెందుర్తి_నుంచి:
వేరే గ్రాఫిక్స్ చిప్ లేకపోతే పెద్దగా ఏమీ రాదు. ఐ5-3320ఎంలోనూ, 3632క్యూఎంలోనూ ఉన్నది హెచ్‌డీ 4000 గ్రాఫిక్సే. యూట్యూబ్ కూడా అంతే, అది పంపే వీపీ9 రకం వీడియోని విప్పే శక్తి ఈ తరం గ్రాఫిక్స్‌కి లేదు, పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఇఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ పాత రకం వీడియో పంపుతుంది, ఫ్యాన్ చప్పుడు తగ్గుతుంది. ఐ5 ఉన్నవాళ్లకీ పనికొస్తుంది.

మధురవాడ_కుర్రాడు:
అప్‌డేట్. ర్యామ్ 16 అయింది. ఫ్యాన్ విప్పితే టంకం అన్న చెప్పిన పొర అలాగే ఉంది, రేకుల మధ్య వెలుతురే కనపడలేదు. శుభ్రం చేసి పేస్ట్ మార్చాక బిల్డ్ మధ్యలో వేగం పడిపోవడం ఆగింది, కానీ సీపీయూ 100 దగ్గరే. అప్పుడు చిప్ తెప్పించాను. లక్ష్మి మేడం పెట్టిన హద్దు లోపలే దొరికింది.

అది సాకెట్‌లో కూర్చున్నప్పుడు చప్పుడు కూడా లేదు. బయాస్‌లో 3632క్యూఎం పేరు కనపడింది. ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో ఎనిమిది గ్రాఫ్‌లు. బిల్డ్ నడుస్తూ ఉండగానే బ్రౌజర్‌లో చదువుకోగలుగుతున్నాను, ఇదివరకు అది కుదరలేదు. పూర్తి లోడ్ మీద వేడి 85 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటోంది. ఇది ప్రమాదమా?

ఉక్కునగరం:
శభాష్ బాబూ. ఈ చిప్‌కి గరిష్ఠ హద్దు 105 డిగ్రీలు. పూర్తి లోడ్ మీద 90 లోపల అంటే ఫర్వాలేదు. ఏ పనీ లేనప్పుడు కూడా 60 దాటి ఉంటే మాత్రం పేస్ట్ సరిగ్గా పరుచుకోలేదని అర్థం. పరుపు మీద పెట్టి వాడకు, గాలి దూరే రంధ్రాలు కిందే ఉన్నాయి. పాత ఐ5ని పిన్నులు వంగకుండా గట్టి డబ్బాలో పెట్టి ఉంచు, ఎప్పుడైనా తేడా వస్తే అది వేసి చూస్తే లోపం చిప్‌దో బోర్డుదో తేలిపోతుంది.

నాడ్_జంక్షన్:
ఈ చర్చ మొత్తం చదివాను. నాది డెల్ లాటిట్యూడ్ ఈ6440, ఐ5-4300ఎం. ఇదే 3632క్యూఎం నాకూ పడుతుందా?

టంకం:
పడదు గురూ. మీది నాలుగో తరం, సాకెట్ జీ3. జీ2 చిప్ అందులో దిగదు. మీకు నాలుగో తరంలో 'ఎంక్యూ' చూడండి, ఐ7-4702ఎంక్యూ గానీ ఐ7-4712ఎంక్యూ గానీ, రెండూ 37 వాట్లవి. 4700ఎంక్యూ, 4800ఎంక్యూ 47 వాట్లవి, ఎక్కువ వేడి. 'హెచ్‌క్యూ' అని ఉంటే అతికించే రకం, కొనొద్దు. ఐ7-4600ఎం, 4610ఎం రెండు కోర్లవే. ర్యామ్ కూడా కొంటుంటే మీదాంట్లో డీడీఆర్3ఎల్ మాత్రమే పెట్టండి, పాత 1.5 వోల్టుల రకం పెట్టొద్దు. మీ మెషీన్‌కి వెనక మూత తీస్తే ఫ్యాన్ ఎదురుగానే ఉంటుంది, టీ430 కంటే మీ పని బేగి అయిపోద్ది.